యాభై అయిదో ఎత్తు



ఈ పూట మనం ఒకే ఒక్క చదరంగం ఆట గురించి చెప్పుకుందాం. ఆ ఆటలోనూ ముఖ్యంగా ఒక్క ఎత్తు గురించి. 2024 డిసెంబరు 12న సింగపూరులో ప్రపంచ విజేత కిరీటం కోసం జరిగిన పోటీ చివరి ఆట అది. తెల్ల పావులతో ఆడుతున్న చైనా ఆటగాడు డింగ్ లిరెన్ యాభై అయిదో ఎత్తుగా తన ఏనుగును రెండు గళ్లు వెనక్కి జరిపాడు. మరో మూడు ఎత్తుల్లో ఆట ముగిసింది. ఎదురుగా కూర్చున్న పద్ధెనిమిదేళ్ల దొమ్మరాజు గుకేశ్ ప్రపంచ విజేత అయ్యాడు.

ఈ ఫలితం మీలో చాలామందికి తెలుసు. పేపర్లలో చదివారు, టీవీల్లో చూశారు. కానీ ఆ ఏనుగు వెనక్కి జరిగితే ఏం కొంప మునిగిందో, అంతవరకూ సమంగా ఉన్న ఆట ఒక్క ఎత్తుతో ఎందుకు పోయిందో చదరంగం కొంచెమే తెలిసినవారికి చెప్పినవారు తక్కువ. అది పెద్ద రహస్యమేమీ కాదు. ఒంటె ఐమూలగా నడుస్తుందని తెలిసిన ఏడేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. అర్థమైతే ఆ పిల్లవాడి ఆట కూడా మారుతుంది.

ముందు ఈ గుకేశ్ ఎవరో రెండు మాటలు. 2006 మే 29న చెన్నైలో పుట్టాడు. తెలుగు కుటుంబం. తండ్రి చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. తల్లి సూక్ష్మజీవశాస్త్రం చదివినావిడ. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఈ సంగతి మన ఆనేకల్ తాలూకా వారికి విడమర్చి చెప్పనక్కరలేదు. అత్తిబెలె దాటితే తమిళనాడు, ఇటు వస్తే కన్నడ సీమ. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, సంతలో మరొక భాషతో బతకడం మనకు పుట్టుకతో వచ్చినదే. 2013లో చెన్నైలో విశ్వనాథన్ ఆనంద్, మాగ్నస్ కార్ల్‌సన్ ప్రపంచ కిరీటం కోసం తలపడినప్పుడు ఏడేళ్ల గుకేశ్ ప్రేక్షకుల్లో కూర్చుని అద్దాల గదిలోకి చూశాడు. పన్నెండేళ్ల ఏడు నెలల వయసులో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. 2024 ఏప్రిల్‌లో కెనడాలోని టొరంటోలో క్యాండిడేట్స్ పోటీ గెలిచి, ప్రపంచ విజేతను సవాలు చేసే హక్కు సంపాదించాడు.

ఇక ఎదుటివాడు. డింగ్ లిరెన్ 1992లో చైనాలోని వెన్‌జౌ నగరంలో పుట్టాడు. 2023లో కజకిస్తాన్‌లోని అస్తానాలో రష్యా ఆటగాడు నెపోమ్నియాషిని ఓడించి, చైనా నుంచి పురుషుల్లో తొలి ప్రపంచ విజేత అయ్యాడు. అక్కడ పద్నాలుగు ఆటల తర్వాత ఇద్దరూ సమానంగా ఉంటే, తక్కువ సమయంలో ఆడే ర్యాపిడ్ ఆటల్లో గెలిచాడు. ఈ విషయం గుర్తుంచుకోండి, మళ్లీ పనికొస్తుంది. ఆ గెలుపు తర్వాత మనసు కుదురుగా లేక కొంతకాలం ఆటకు దూరమయ్యానని ఆయనే బాహాటంగా చెప్పుకున్నాడు. అందుకే సింగపూరుకు వచ్చేసరికి గుకేశ్ సులువుగా గెలుస్తాడని చాలామంది అనుకున్నారు.

అనుకున్నట్టు జరగలేదు. మొదటి ఆటలోనే డింగ్ నల్ల పావులతో గెలిచాడు. మూడో ఆట గుకేశ్ గెలిచి లెక్క సరిచేశాడు. నాలుగు నుంచి పది దాకా వరసగా ఏడు ఆటలు డ్రా. పదకొండోది గుకేశ్ గెలిచాడు. ఇక అయిపోయిందనుకుంటే, పన్నెండోది డింగ్ చక్కగా ఆడి గెలిచాడు. పదమూడు ఆటలు ముగిసేసరికి ఇద్దరికీ ఆరున్నర పాయింట్లు. మిగిలింది ఒక్క ఆట. అది డ్రా అయితే మర్నాడు ర్యాపిడ్ ఆటలు. ఆ రకం ఆటల్లో డింగ్‌కు మంచి పేరు, పైగా అస్తానాలో ఆ దారినే గెలిచిన అనుభవం. అంటే ఆ రోజు డింగ్‌కు డ్రా చేసుకుంటే చాలు. గుకేశ్‌కు మాత్రం ఆ రోజే తేలిపోతే మంచిది. ఆట అంతా ఈ తేడా మీదనే నడిచింది.

తెల్ల పావులు ముందు కదులుతాయి కాబట్టి ఆ వైపు వారికి కొంచెం అనుకూలం ఉంటుందని అంటారు. ఆ అనుకూలం డింగ్‌దే. అయినా అతను గెలుపు కోసం ఎగబడలేదు. పావులను ఒక్కొక్కటిగా మార్పిడి చేసుకుంటూ, బల్లను ఖాళీ చేసుకుంటూ వెళ్లాడు. ఇరవై తొమ్మిదో ఎత్తులో ఒక బంటును వదులుకుని మరీ మంత్రులను మార్పిడి చేసుకున్నాడు. ఒక బంటు తక్కువైనా, మిగిలిన బంట్లన్నీ బల్లకు ఒకే పక్కన ఉంటే కాచుకోవడం కష్టం కాదన్నది అనుభవజ్ఞుల లెక్క. ఆ లెక్క తప్పు కాదు. ఆట చూస్తున్న నిపుణులు కూడా ఇది డ్రా అనే చెప్పుకుంటూ ఉన్నారు.

గుకేశ్ మాత్రం ఆడుతూనే ఉన్నాడు. ఒక బంటు ఎక్కువ ఉంది, తన రాజుకు ప్రమాదం లేదు, ఓడే భయం లేదు. మంత్రులు పోయాక ఇంచుమించు పాతిక ఎత్తులు అలాగే సాగాయి. ఏనుగును ఇటు జరపడం, రాజును అటు నడపడం, ఒంటెను తిప్పడం. చూసేవాళ్లకు విసుగు. ఆడేవాళ్లకు మాత్రం ప్రతి ఎత్తూ ఒక చిన్న ప్రశ్న. ఎదుటివాడు ప్రతి ప్రశ్నకూ సరైన జవాబు చెప్పాలి. ఇరవై నాలుగు చెప్పి ఇరవై అయిదోది తప్పితే, ముందు చెప్పినవి లెక్కకు రావు.

ఇప్పుడు మీ దగ్గర చదరంగం బల్ల ఉంటే తీయండి. మొత్తం తొమ్మిది పావులు చాలు. లేకపోతే ఒక కాగితం మీద ఎనిమిది అడ్డ వరుసలు, ఎనిమిది నిలువు వరుసలు గీసుకోండి. తెల్ల పావుల వైపు కూర్చున్నవారికి ఎడమ నుంచి కుడికి నిలువు వరుసలను ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అంటారు. వారి దగ్గర నుంచి ఎదుటివైపుకు అడ్డ వరుసలు 1 నుంచి 8. అక్షరం, అంకె కలిపితే గడి పేరు వస్తుంది.

తెల్లవారికి నాలుగు పావులు. రాజు జి 1లో. ఏనుగు ఎఫ్ 4లో. మన ఆనేకల్ పేరులోనే ఆనె ఉంది కాబట్టి ఈ పావును మరచిపోరు. ఇది నిలువుగా, అడ్డంగా నడుస్తుంది. మూడోది ఒంటె, పుస్తకాల్లో శకటు అని రాస్తారు. ఇది ఐమూలగా నడుస్తుంది. దాన్ని ఎ 8లో, అంటే ఎదుటివైపు ఎడమ మూలలో పెట్టండి. నాలుగోది ఒక బంటు, జి 3లో.

నల్లవారికి అయిదు. రాజు ఇ 5లో. ఏనుగు బి 2లో. ఒంటె ఇ 6లో. బంట్లు రెండు, ఎఫ్ 5లో ఒకటి, జి 4లో ఒకటి. రెండు ఒంటెలూ ఒకే రంగు గళ్ల మీద నడిచేవే. ఈ మాట కూడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు తెల్లవారి వంతు. ఏనుగును కదపకుండా అట్టిపెట్టడమో, నాలుగో వరుసలో అటూ ఇటూ తిప్పడమో చేస్తూ ఓపికగా కాచుకుంటే డ్రా. కానీ డింగ్ దాన్ని ఎఫ్ 4 నుంచి ఎఫ్ 2కు దించాడు. అక్కడ అది నల్ల ఏనుగుకు ఎదురుగా వచ్చి నిలబడింది. నీ ఏనుగు, నా ఏనుగు మార్పిడి చేసుకుందాం రా, అని పిలవడం అన్నమాట. ఒక్కో పావూ తగ్గేకొద్దీ డ్రాకు దగ్గరవుతున్నామని అంతవరకూ నమ్మిన పద్ధతే ఇది. ముప్ఫై ఎత్తుల్లో పనిచేసిన పద్ధతి ఇక్కడ మాత్రం చెడగొట్టింది.

చూడండి. నల్ల ఏనుగు తెల్ల ఏనుగును కొట్టింది. తెల్ల రాజు ఎఫ్ 2కు వచ్చి ఆ ఏనుగును కొట్టాడు. ఏనుగులు రెండూ పోయాయి. ఇప్పుడు గుకేశ్ తన ఒంటెను ఇ 6 నుంచి డి 5కు ఒక్క గడి జరిపాడు. ఆ గడి నుంచి ఐమూలగా చూస్తే సి 6, బి 7, ఆ పైన ఎ 8. ఆ చివరి మూలలోనే తెల్ల ఒంటె కూర్చుని ఉంది.

ఆ ఒంటె ఎక్కడికి పారిపోగలదు? బల్ల మధ్యలో ఉన్న ఒంటెకు నాలుగు దిక్కులా దారులున్నాయి, ఖాళీ బల్ల మీద పదమూడు గళ్లకు పోగలదు. మూలలో ఉన్న ఒంటెకు దారి ఒక్కటే, ఏడు గళ్లు. ఆ ఒక్క దారినీ నల్ల ఒంటె డి 5లో అడ్డంగా మూసేసింది. బి 7కు వచ్చినా, సి 6కు వచ్చినా కొట్టేస్తుంది. ఎదురెళ్లి నల్ల ఒంటెను కొడితే, పక్కనే ఉన్న నల్ల రాజు తిరిగి కొడతాడు. కదలకుండా కూర్చున్నా పోతుంది. ఏం చేసినా ఒంటెల మార్పిడి తప్పదు. డింగ్ కొట్టాడు, గుకేశ్ రాజు తిరిగి కొట్టాడు. బల్ల మీద ఇక రాజులు, బంట్లు మాత్రమే మిగిలాయి. తెల్లవారికి ఒక బంటు, నల్లవారికి రెండు.

ఇక్కడ ఒక చిన్న సూత్రం ఉంది. రెండు రాజులు మధ్యలో ఒక్క గడి వదిలి ఎదురెదురుగా నిలబడితే, ఎవరి వంతు వస్తుందో వారే దారి ఇవ్వాలి. రాజు రాజును తాకరాదు కాబట్టి ముందుకు పోలేడు. పక్కకో వెనక్కో తప్పుకోవాలి. ఇరుకు సందులో రెండు ఎద్దుల బండ్లు ఎదురుపడితే ఒకటి వెనక్కి తీయాల్సిందే కదా! డింగ్ రాజు ఇ 3కు వచ్చాడు. గుకేశ్ రాజు ఇ 5కు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వంతు డింగ్‌ది. అతని రాజు ఏ పక్కకు తప్పుకున్నా నల్ల రాజు రెండో పక్క నుంచి లోపలికి చొరబడి, ఆ ఒక్క బంటునూ తీసుకుంటాడు. తర్వాత నల్ల బంటు చివరి వరుసకు నడిచి మంత్రి అవుతుంది. డింగ్ ఇక ఆడలేదు. యాభై ఎనిమిది ఎత్తులకు ఆట ముగిసింది. ఏడున్నర, ఆరున్నర పాయింట్లతో పోటీ గుకేశ్‌దైంది.

అయితే తప్పు ఏనుగు ఎత్తులోనే ఉందా? ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి. తెల్ల ఒంటె అంతకుముందు బి 7లో ఉండేది. యాభై రెండో ఎత్తులో గుకేశ్ తన ఏనుగును బి 2కు తెచ్చి దాన్ని బెదిరించాడు. ఒంటె కదలక తప్పలేదు. డింగ్ దాన్ని ఎ 8 మూలకు తీసుకెళ్లాడు. అప్పటికి అది నేరం కాదు. ఏనుగులు బల్ల మీద ఉన్నంతసేపూ ఆ ఒంటెకు ముప్పు లేదు. కానీ ఏనుగుల మార్పిడి జరిగే వేళకు అదే ఒంటె సి 6లో ఉండి ఉంటే, డి 5 నుంచి బెదిరింపు వచ్చినా బి 5కు పోయేది, లేదా డి 7కు పోయేది. రెండో దారి ఉండేది. అంటే ఒంటె మూలకు పోవడం, ఏనుగు ఎదురు నిలవడం, ఈ రెండూ విడివిడిగా అయితే పరవాలేదు. రెండూ కలిసినప్పుడే ఆట పోయింది. మన ఇళ్లలో, పొలాల్లో, వ్యాపారాల్లో కూడా నష్టం ఇలాగే వస్తుంది. నిన్న చేసిన చిన్న పని, ఇవాళ చేసిన మరో చిన్న పని, రెండూ కలిసి ఒకచోట ముడి పడతాయి.

ఇంకో సంగతి వినండి. డింగ్ ఆ ఎత్తు వేసిన క్షణాన అది పొరపాటని గుకేశ్‌కు కూడా వెంటనే తట్టలేదట. ఏనుగును మరో గడికి జరపబోతూ, ఒంటె చిక్కుకుందని అప్పుడు గమనించానని ఆట తర్వాత విలేఖరులకు చెప్పాడు. ఆలోచించుకున్న ఎత్తు సిద్ధంగా ఉన్నా, చేయి చాచే ముందు మరోసారి బల్లంతా చూశాడు. ప్రపంచ కిరీటం ఆ ఒక్క చూపులో ఉంది. పోటీ ఆటల్లో పావును ముట్టుకుంటే అదే ఆడాలన్న నియమం ఉంటుంది. ఇంట్లో ఆడుకునేటప్పుడు, అయ్యో ఇటు కాదు, అని వెనక్కి తీసుకుంటాం. అక్కడ కుదరదు. అందుకే ముందు కన్ను, తర్వాత చేయి.

ఆ తర్వాత పిల్లవాడు ఏడ్చేశాడు. కన్నీళ్లు తుడుచుకుంటూనే పావులన్నీ మళ్లీ మొదటి వరసల్లో సర్ది, బల్లకు దండం పెట్టి లేచాడు. అది చూసినవారికి మనసు కదిలింది. ఇరవై రెండేళ్ల వయసులో 1985లో విజేత అయిన గ్యారీ కాస్పరోవ్ పేరున ఉన్న రికార్డు ఆ రోజు చెరిగిపోయింది. ఆనంద్ తర్వాత ఆ కిరీటం అందుకున్న రెండో భారతీయుడు గుకేశ్. అతనికి సాయపడిన బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటల హరికృష్ణ కూడా ఉన్నాడు. తెర వెనక కూర్చుని, ప్రత్యర్థి ఏ దారిన రావచ్చో రోజుల తరబడి వెతికిపెట్టే పని అది.

ఇంత పెద్ద పోటీ ఇంత చిన్న పొరపాటుతో తేలడమేమిటని కొందరు పెదవి విరిచారు. పూర్వపు ప్రపంచ విజేతల్లో కూడా అలా అన్నవారున్నారు. వారి బాధలో న్యాయం లేకపోలేదు. కానీ ఒకటి ఆలోచించాలి. పద్నాలుగు ఆటలు, మూడు వారాలకు దగ్గరగా, రోజూ గంటల తరబడి కూర్చోవడం. అలసిన మనసు ఏం కోరుకుంటుంది? ఎలాగైనా ఇది త్వరగా ముగిసిపోతే బాగుండునని కోరుకుంటుంది. ఆ కోరికే చేతిని ఏనుగు మీదికి తీసుకెళ్లింది. గుకేశ్ ఆ పొరపాటు చేయించలేదు, నిజమే. కానీ అది జరగడానికి వీలైన చోట ఎదుటివాణ్ణి పాతిక ఎత్తులు కూర్చోబెట్టాడు. దీన్ని అదృష్టం అంటే సగం నిజమే చెప్పినట్టు. డింగ్ కూడా ఎవరినీ నిందించలేదు. ఈ ఏడాదిలో తాను బాగా ఆడిన పోటీ ఇదేననీ, విచారం లేదనీ నిండు మనసుతో చెప్పాడు. ఓడినప్పుడు ఎలా మాట్లాడాలో కూడా ఆ రోజు నేర్చుకోదగ్గదే.

అనుభవం ఉంటే ఇలాంటివి జరగవా అంటే, అదీ లేదు. 2025 జులైలో జార్జియాలోని బటూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్లో మన కోనేరు హంపి, నాగపూర్ అమ్మాయి దివ్య దేశ్‌ముఖ్ తలపడ్డారు. హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులోనే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2019లోనూ 2024లోనూ ప్రపంచ ర్యాపిడ్ విజేత. దివ్యకు పందొమ్మిదేళ్లు. మామూలు ఆటలు రెండూ డ్రా. ర్యాపిడ్‌లో మొదటిదీ డ్రా. రెండోదాన్లో గడియారం పరుగెడుతుంటే హంపి తడబడ్డారు, కప్పు దివ్యదైంది. ఎవరికైనా సమంగా ఉన్న ఆటలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. గుకేశ్ నాలుగో తరగతి తర్వాత రోజువారీ బడి మానాడు. తండ్రి వైద్యవృత్తి పక్కన పెట్టి కొడుకు వెంట దేశాలు తిరిగాడు. తల్లి సంపాదనతో ఇల్లు గడిచింది. ఇది ఆ కుటుంబం తెలిసి చేసిన సాహసం. ఆ ఒక్క ఇల్లు గెలిచిందని మన ఇళ్లలో పిల్లలను బడి మాన్పించడం తెలివి కాదు. అలా నడిచి ఎక్కడా తేలని ఇళ్ల సంగతి పేపర్లలో రాదు. అయితే బడి ఉంటూనే, సాయంత్రం ఒక గంట చదరంగానికి ఇవ్వడం ఏ ఇంటికైనా సాధ్యమే. దీనికి మైదానం అక్కరలేదు, ఖరీదైన సరంజామా అక్కరలేదు. అమ్మాయికీ అబ్బాయికీ ఒకటే బల్ల.

ఎలా మొదలుపెట్టాలి? చాలామంది పిల్లలకు మొదట నాలుగు ఎత్తుల్లో ఆట కట్టే చిట్కాలు నేర్పుతారు. 1921 నుంచి 1927 దాకా ప్రపంచ విజేతగా ఉన్న క్యూబా దేశీయుడు కాపబ్లాంకా మాత్రం చివరి ఘట్టాల నుంచే నేర్చుకోవాలనేవాడు. కొద్ది పావులతో ఒక్కొక్క పావు బలం తెలిస్తేనే, నిండు బల్ల మీద వాటిని నడపగలమన్నది ఆయన మాట సారాంశం. అందుకే ఇందాక చెప్పిన తొమ్మిది పావులూ ఈ రాత్రి భోజనాలయ్యాక బల్ల మీద పెట్టండి. మొదట మీరు నల్ల పావులు తీసుకుని, అబ్బాయినో అమ్మాయినో తెల్లవైపు కూర్చోబెట్టండి. డింగ్ చేయలేకపోయిన పని, అంటే ఆటను డ్రాగా కాచుకోవడం, వాళ్లను చేయమనండి. తర్వాత వైపులు మార్చుకోండి. ఒంటె మూలలో ఉంటే ఏమవుతుందో, మధ్యలో ఉంటే ఏమవుతుందో వాళ్లే కనిపెడతారు. అలా సొంతంగా తెలుసుకున్నది వాళ్లు మరచిపోరు.

ఆడేటప్పుడు ప్రతి ఎత్తుకు ముందు రెండు ప్రశ్నలు వేసుకోవడం అలవాటు చేయండి. ఈ మార్పిడి అయ్యాక బల్ల మీద ఏం మిగులుతుంది? అప్పుడు నా ప్రతి పావుకూ పోయేందుకు దారి ఉందా? ఈ రెండు ప్రశ్నలూ యాభై అయిదో ఎత్తు ముందు వేసుకుని ఉంటే, మర్నాడు సింగపూరులో ర్యాపిడ్ ఆటలు జరిగేవి, చరిత్ర మరోలా ఉండేదేమో.

డ్రా అనుకున్న ఆట, రెండు వైపులా ఒప్పుకుని సంతకాలు పెట్టేదాకా డ్రా కాదు. ఒడ్డు కనిపించినంత మాత్రాన పడవ దిగకూడదు.